పడటమూ ఒక విద్యే

కాలి ఎముకను కాపాడటానికి కనిపెట్టిన పరికరం మోకాలిని కాపాడలేకపోయింది. ఆ లోటును చాలావరకు తీర్చింది మరో పరికరం కాదు, ఒక పాఠం. మంచుకొండల మీద దశాబ్దాల తరబడి సాగిన ఒక పరిశోధన కథ ఇది.

1972 డిసెంబరులో అమెరికా ఈశాన్య ప్రాంతంలోని వెర్మాంట్ రాష్ట్రంలో ఒక పరిశోధన మొదలయింది. దానికి ప్రయోగశాల అంటూ ప్రత్యేకంగా ఏమీ లేదు. గ్లెన్ ఎల్లెన్ అనే స్కీయింగ్ కేంద్రంలో కొండ దిగువన ఉన్న వైద్యశాలే దాని ప్రయోగశాల. (ఆ కేంద్రం తర్వాత షుగర్‌బుష్‌లో కలిసిపోయింది.) మంచువాలు మీద పడి గాయపడిన వారు అక్కడికి చేరేవారు. ముందు చికిత్స, ఆ తర్వాత ప్రశ్నల పరంపర. ఎలా పడ్డారు? ఎన్నేళ్లుగా ఈ ఆట ఆడుతున్నారు? స్కీ పలకలు సొంతవా, అద్దెకు తెచ్చుకున్నవా? పడినప్పుడు బూటు పలక నుండి ఊడిందా, లేదా?

ఈ కృషికి సారథులు ఇద్దరు. ఒకరు వెర్మాంట్ విశ్వవిద్యాలయంలో ఎముకల శస్త్రవైద్యుడు రాబర్ట్ జాన్సన్. మరొకరు ఇంజనీరు కార్ల్ ఎట్లింగర్. రోచెస్టర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ఆచార్యుడు జాస్పర్ షీలీ వారితో చేతులు కలిపారు. ఒకటి రెండు సంవత్సరాలు కాదు, దశాబ్దాల తరబడి వారు అదే కొండ దిగువన గాయాలను లెక్కపెట్టారు. ఆ లెక్కలు మొదట గొప్ప ఆశను కలిగించాయి. ఆ వెనుకనే ఎవరూ ఊహించని ఒక చిక్కును ముందుకు తెచ్చాయి.

మనిషంత పొడవైన మీట

స్కీయింగ్ చూడని వారికి ఈ చిక్కు అర్థం కావాలంటే ముందు ఆ ఆటలో కాలి పరిస్థితి తెలియాలి. స్కీ అంటే సన్నని, పొడవైన పలక. ఆ రోజుల్లో అది మనిషి కన్న పొడవుగా, దాదాపు రెండు మీటర్లు ఉండేది. ఆటగాడు గట్టి బూటు తొడుక్కొని, ఆ బూటును పలకకు బిగించుకొని వాలు మీద జారుతాడు. పలకను పక్కకు వాల్చి దాని అంచును మంచులోకి దింపితే మలుపు తిరుగుతుంది. అంతా సవ్యంగా సాగినంతసేపు అది గాలిలో తేలుతున్నంత హాయి.

కాని పలక కొన ఏ మంచుగడ్డలోనో చిక్కుకుంటే? శరీరం ఒక వైపుకు తిరుగుతుంది, పలక కదలనంటుంది. బండరాయిని కదల్చడానికి గునపం కొనను కింద దోపి రెండో చివర నొక్కుతాం. గునపం ఎంత పొడవైతే బలం అంత పెరుగుతుంది. ఇక్కడ ఆ గునపం స్థానంలో ఉన్నది పలక. బండరాయి స్థానంలో ఉన్నది మోకాలికీ మడమకూ నడుమనున్న ఎముక. తడిగుడ్డను పిండినట్లు ఆ ఎముక మెలితిరిగి, చివరికి విరుగుతుంది.

దీనికి విరుగుడు ఆలోచించిన తొలివారిలో నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడిన క్రీడాకారుడు యాల్మార్ వామ్ ఒకరు. 1937లో ఆయన కాలు విరిగింది. ఆస్పత్రిలో మంచం మీద ఉండగానే ఆయనకొక ఊహ తట్టింది: ప్రమాదకరమైన బలం పడినప్పుడు బూటును తనంతట తానే వదిలిపెట్టే బంధం ఒకటి ఉండాలి! 1939 నాటికి ఆయన దానిని తయారుచేసి పేటెంటు పొందారు. ఇప్పుడు ప్రపంచమంతటా వాడుతున్న, ఆపదలో ఊడిపోయే స్కీ బైండింగులకు మూలపురుషులలో ఆయన ఒకరు.

అయితే బైండింగును బిగించే పని ముందు నుయ్యి, వెనుక గొయ్యి వంటిది. మరీ వదులుగా ఉంటే అవసరం లేనప్పుడు కూడా ఊడిపోయి, వేగంగా పోతున్న మనిషిని బోర్లా పడేస్తుంది. మరీ బిగువుగా ఉంటే అవసరమైనప్పుడు ఊడదు, ఎముక విరుగుతుంది. రెండింటికీ నడుమ సరైన గుర్తు ఎక్కడ? అది తెలియాలంటే మనిషి ఎముక ఎంత బలాన్ని ఓర్చగలదో ముందు తెలియాలి. జర్మనీలోని మ్యూనిక్ నగరానికి చెందిన వైద్యుడు ఎర్నెస్ట్ అసాంగ్ ఆ పనికి పూనుకొని, కాలి ఎముక దారుఢ్యాన్ని కొలిచారు. అటువంటి పరిశోధనల పునాది మీద జర్మన్ ప్రమాణాలు, తర్వాత అంతర్జాతీయ ప్రమాణాలు రూపొందాయి. ఈనాడు స్కీ దుకాణంలోని మెకానిక్ వచ్చినవారి బరువు, ఎత్తు, వయస్సు, నైపుణ్యం, బూటు అడుగు పొడవు చూసి పట్టికలో నుండి ఒక అంకెను తీసి బైండింగు మీద తిప్పుతాడు. ఆ చిన్న అంకె వెనుక అంత శాస్త్రం ఉన్నది.

గాయపడని వారిని కూడా అడిగారు

వెర్మాంట్ పరిశోధకుల విశిష్టత వారు గాయాలను లెక్కపెట్టడంలో కాదు, ఆ లెక్కను అర్థం చేసుకున్న తీరులో ఉన్నది. గాయపడినవారిని మాత్రమే పరిశీలిస్తే నిజం బయటపడదు. గాయపడిన నూరుమందిలో అరవైమంది అద్దె పలకలు వాడారని అనుకుందాం. అద్దె పలకలే ప్రమాదకరమని తీర్పు చెప్పవచ్చునా? కొండ మీద క్షేమంగా తిరుగుతున్న వారిలో కూడా నూటికి అరవైమంది అద్దె పలకలే వాడుతుంటే ఆ తీర్పు తప్పు. అందుచేత వారు ఏ దెబ్బా తగలని ఆటగాళ్లను కూడా ఆపి అవే ప్రశ్నలు అడిగారు. వారి పరికరాలను కూడా అదే విధంగా పరీక్షించారు.

గాయాల రేటుకు వారు వాడిన కొలత ‘స్కీయింగ్ దినం’. ఒక మనిషి ఒకరోజు ఆడితే ఒక దినం. 1970 దశకం తొలినాళ్లలో ప్రతి 1,000 దినాలకు ఐదుకు పైగా గాయాలయ్యేవి. బైండింగులు మెరుగుపడి, వాటిని సరిగా బిగించే పద్ధతులు వ్యాపించిన కొద్దీ ఆ సంఖ్య రెండు మూడుకు దిగివచ్చింది. అన్నిటికన్న ఆశ్చర్యకరమైనది కాలి ఎముక సంగతి. మోకాలి కింది ఎముక విరగడం రెండు దశాబ్దాల కాలంలో ఎనభై శాతానికి మించి తగ్గిపోయింది. విరిగిన కాలితో సిమెంటు కట్టు వేయించుకొని కూర్చున్న స్కీయర్ బొమ్మ వ్యంగ్యచిత్రకారులకు అంతవరకూ అభిమాన విషయం. అది క్రమంగా పాతబడిపోయింది.

పరిశోధన అక్కడితో ఆగి ఉంటే ఇది కేవలం ఒక విజయగాథ అయ్యేది.

పైకి లేచిన రెండో గీత

ఎముకల గీత కిందికి దిగుతున్న సంవత్సరాలలోనే, ముఖ్యంగా 1980 దశకంలో, మరొక గీత పైకి లేవసాగింది. అది మోకాలిది.

మోకాటి కీలులో తొడ ఎముకనూ దాని కింది ఎముకనూ కలిపి ఉంచే బలమైన కట్లను సంధిబంధనాలు, ఇంగ్లీషులో లిగమెంట్లు, అంటారు. వాటిలో రెండు కీలు నడిమధ్యన కత్తెర ఆకారంలో ఒకదానినొకటి దాటుతూ ఉంటాయి. ముందున్న దానికి వైద్యులు పెట్టుకున్న పొట్టిపేరు ఏ.సి.ఎల్. పొడవు సుమారు మూడు సెంటీమీటర్లే. కాని కింది ఎముక ముందుకు జరిగిపోకుండా, అదుపు తప్పి మెలితిరగకుండా పట్టి ఉంచేది అదే. అది పూర్తిగా తెగితే సాధారణంగా తనంతట తాను అతకదు. శరీరంలో మరొకచోటి నుండి స్నాయువు ముక్కను తీసి దాని స్థానంలో అమర్చవలసి వస్తుంది. తిరిగి మైదానంలోకి అడుగుపెట్టాలంటే నెలల తరబడి సాధన కావాలి. తర్వాతి జీవితంలో ఆ కీలు అరిగి బాధపెట్టే అవకాశమూ ఎక్కువే. విరిగిన ఎముక కొన్ని నెలల్లో అతుక్కుంటుంది. తెగిన బంధనం మనిషి నడకనే మార్చివేయగలదు.

1990 దశకం మొదలయ్యేనాటికి వెర్మాంట్ లెక్కలలో ఈ గాయాలు మొదటికన్న రెండింతలు దాటిపోయాయి. కారణం ఏమిటి? బైండింగులు పాడయ్యాయా? పరీక్షలో అవి చక్కగానే పనిచేస్తున్నట్లు తేలింది. ఎముక కోసం తయారైన కావలివాడు ఎముకను కాపాడుతూనే ఉన్నాడు. మోకాలిని కాపాడమని అతనికి ఎవరూ చెప్పలేదు!

బూట్లలో వచ్చిన మార్పు కూడా పరిశోధకుల దృష్టికి వచ్చింది. మెత్తని తోలు బూట్ల స్థానంలో 1960 దశకం నుండి గట్టి ప్లాస్టిక్ బూట్లు వచ్చాయి. అవి ఎత్తుగా ఉండి మడమను, చీలమండను పదిలంగా పట్టి ఉంచుతాయి. పలకను అదుపు చేయడానికి అంతకన్న మంచి సాధనం లేదు. కాని కాలి కింది భాగం కదలకుండా బిగిసిపోయినప్పుడు, పలక నుండి వచ్చే బలం తర్వాతి కీలును వెదుక్కుంటుంది. ఆ తర్వాతి కీలు మోకాలు.

మాయపాదం

మోకాలు ఎలా తెగుతున్నదో కనిపెట్టడం సులభం కాలేదు. గాయపడినవారిని అడిగితే, “ఏమో, అంతా క్షణంలో జరిగిపోయింది” అనేవారే ఎక్కువ. అందువల్ల పరిశోధకులు మరో మార్గం పట్టారు. ప్రమాదం జరుగుతుండగా అనుకోకుండా వీడియో కెమెరాలకు చిక్కిన దృశ్యాలను సేకరించారు. వాటిని ఒక్కొక్క ఫ్రేమునే ఆపి చూశారు. గాయపడిన వారి కథనాలతో పోల్చారు.

చూడగా చూడగా ఒక భంగిమ మళ్లీ మళ్లీ కనిపించింది. ఆటగాడు తూకం తప్పి వెనక్కు వాలుతాడు. పిరుదులు మోకాళ్లకన్న కిందికి దిగుతాయి. ఎగువ చేయి వెనక్కు పోతుంది. ఎగువ పలక మీద బరువు ఉండదు. బరువంతా దిగువ పలక తోకభాగపు లోపలి అంచు మీద పడుతుంది. పై శరీరం దిగువ పలక వైపు తిరిగి ఉంటుంది. ఈ ఆరు లక్షణాలూ కలిసిన క్షణంలో ఆ దిగువ కాలి మోకాలికి ఆపద మూడుతుంది.

దీనికి వారు పెట్టిన పేరును తెలుగులో ‘మాయపాదం’ అనవచ్చు. మనిషి పాదం ముందుకు చూస్తుంది. కాని మడమ వెనుక సాగి ఉన్న పలక తోక, గట్టి బూటు వెనుక భాగంతో కలిసి, వెనక్కు చూస్తున్న మరొక పాదంలా ప్రవర్తిస్తుంది. ప్రకృతి మనిషికి ఇవ్వని పాదం అది. ఆ తోక అంచు మంచును పట్టుకున్నదంటే, బాగా వంగి ఉన్న మోకాలును ఒక్కసారిగా మెలితిప్పుతుంది. ఆ మెలికను తట్టుకోవడానికి మోకాలిలో ఏ ఏర్పాటూ లేదు.

బైండింగు ఎందుకు ఊడదో కూడా ఇక్కడే తెలిసింది. సామాన్యంగా దాని ముందుభాగం బూటు మొన పక్కకు తిరిగితే వదులుతుంది. వెనుకభాగం మనిషి ముందుకు తూలితే వదులుతుంది. మాయపాదపు బలం పడేది మడమకు దగ్గరగా, వెనుకవైపున. ఆ బలం బూటు మొనను తగినంతగా తిప్పదు. వీధి తలుపు దగ్గర కావలి కూర్చున్నవాడికి పెరటి గోడ దూకిన దొంగ కనిపించనట్లే, బైండింగుకు ఆ బలం తెలియదు.

దృశ్యాలలో మరొక విషయం తేలింది. చాలా సందర్భాలలో ప్రమాదం తెచ్చిపెట్టింది పడటం కాదు, పడకుండా ఉండాలనే తాపత్రయం. పడిపోయి ఇంకా జారుతూ ఉండగానే లేవబోయేవారు కొందరు. తూకం తప్పాక ఎలాగైనా నిలదొక్కుకోవాలని పెనుగులాడేవారు కొందరు. అదుపు తప్పిందని తెలిసి మెల్లగా కూర్చుండిపోదామనుకునేవారు మరికొందరు. ముగ్గురూ మాయపాదం చేతికి చిక్కుతున్నారు.

ఇరవై కేంద్రాలలో ఒక పాఠం

జరిగేదేమిటో తెలిసింది. ఇప్పుడు ఏమి చేయాలి? వెనుక నుండి వచ్చే బలాన్ని పసిగట్టే బైండింగు అప్పటికి సిద్ధంగా లేదు. అయితే మనిషికి తెలివి ఉన్నది కదా! ఆటగాడికే ఆ భంగిమను గుర్తుపట్టడం నేర్పితే?

1993–94 శీతాకాలంలో 20 స్కీయింగ్ కేంద్రాలలోని ఉద్యోగులకు ఈ శిక్షణ ఇచ్చారు. వారు గాయపడినవారిని కొండ దింపే స్కీ పెట్రోల్ సభ్యులు, ఆట నేర్పే శిక్షకులు. రోజంతా మంచు మీదనే గడిపే వృత్తి కనుక ప్రమాదానికి దగ్గరగా ఉండేవారు వారే. శిక్షణలో ఉపన్యాసాలు తక్కువ. గాయాల వీడియోలను చూపించి, వాటిలో సమానంగా ఉన్నదేమిటో వారి చేతనే చెప్పించేవారు. కంటితో చూసి స్వయంగా కనిపెట్టిన ప్రమాదాన్ని ఒంటికి అంత తొందరగా మరపు రాదని వారి నమ్మకం.

ఆ తర్వాత చెప్పిన సూత్రాలు చాలా సరళమైనవి. తూకం తప్పుతున్నదనిపించగానే చేతులు ముందుకు చాచండి. పాదాలు దగ్గరకు చేర్చండి. చేతులను పలకల మీదుగా ఉంచండి. పడక తప్పనప్పుడు పడండి, కాని కాళ్లు బిర్రుగా చాపవద్దు. మోకాళ్లను వంచే ఉంచండి. పూర్తిగా ఆగేవరకు లేవబోవద్దు. చేయి ఆనించి పడవద్దు. ఎక్కడ దిగబోతున్నారో తెలియకుండా ఎగిరి దూకవద్దు. దూకితే రెండు పలకల మీద సమానంగా, మోకాళ్లు వంచి దిగండి.

పోలిక కోసం, ఈ శిక్షణ పొందని 22 ఇతర కేంద్రాల లెక్కలను కూడా తీసుకున్నారు. ఫలితాలు 1995లో ప్రకటితమయ్యాయి. శిక్షణ పొందిన వారిలో తీవ్రమైన మోకాలి గాయాలు గడచిన రెండు సీజన్లతో పోలిస్తే 62 శాతం తగ్గాయి. శిక్షణ లేని కేంద్రాలలో ఏ తగ్గుదలా కనిపించలేదు. కొత్త పరికరం ఒక్కటీ కొనలేదు. పాత పరికరాన్ని ఒక్కటీ మార్చలేదు. మారింది మనుషుల ఆలోచన మాత్రమే.

ఆ ఉద్యోగులందరూ ఆరితేరినవారు. సెలవుల్లో సరదాకు వచ్చేవారి మాట ఏమిటనే ప్రశ్న సహజంగానే లేచింది. దానికి కొంత జవాబు డెన్మార్క్ నుండి వచ్చింది. అక్కడి పరిశోధకులు స్కీయింగ్ యాత్రికులను ఆల్ప్స్ పర్వతాలకు తీసుకుపోయే బస్సులలో కొన్నింటిలో ప్రమాదాలను నివారించే విధానం గురించి వీడియో ప్రదర్శించారు. మిగిలిన వాటిలో ప్రదర్శించలేదు. 1998లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, వీడియో చూసిన వారిలో గాయాలు సుమారు 30 శాతం తక్కువ.

వేగానికి వెల

పందేల ప్రపంచంలో కథ మరొక మలుపు తిరిగింది. అక్కడ సెకనులో నూరోవంతు కోసం ఆటగాడు అన్నీ పణంగా పెడతాడు. అంతర్జాతీయ స్కీ సమాఖ్య 2006లో గాయాల నమోదు విధానాన్ని నెలకొల్పింది. నార్వే రాజధాని ఓస్లోలోని క్రీడాగాయాల పరిశోధన కేంద్రానికి చెందిన టోనె బేరె, రోఆల్డ్ బాహ్‌ర్, వారి సహచరులు ప్రపంచ కప్ పందేలలో ఏ.సి.ఎల్. తెగిన 20 సంఘటనల వీడియోలను విశ్లేషించి 2011లో ప్రకటించారు.

వాటిలో సగం, అంటే 10 సంఘటనలు, ఒకే తీరుగా జరిగాయి. మలుపులో వెలుపలి పలక మంచు మీద పట్టు తప్పుతుంది. ఆ పట్టును తిరిగి సంపాదించడానికి ఆటగాడు ఆ కాలిని చాపుతాడు. అంతలో పలక లోపలి అంచు హఠాత్తుగా మంచును పట్టుకొని, మోకాలిని లోపలికి తోసి మెలితిప్పుతుంది. చాలామందిలో బంధనం తెగింది పడిన తర్వాత కాదు, పడకముందే! ఇక పడటంలో ఎంత నేర్పు ఉన్నా ఏమి లాభం? ఇక్కడ మళ్లీ పరికరం వైపే చూడవలసి వచ్చింది.

1990 దశకం నుండి పలకలు పొట్టివై, నడుము సన్నగా తీర్చినవిగా మారాయి. ఆ నడుము వంపును ఒక పెద్ద వృత్తంలోని భాగంగా భావిస్తే, వృత్తం ఎంత చిన్నదైతే పలక అంత చురుకుగా మలుపు తిరుగుతుంది. మంచును అంత దూకుడుగా పట్టుకుంటుంది. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకుల సహాయంతో సమాఖ్య ఒక నిర్ణయం తీసుకున్నది. 2012–13 సీజను నుండి పురుషుల జెయింట్ స్లాలమ్ పందెంలో ఆ వృత్త వ్యాసార్ధం 27 మీటర్ల నుండి 35 మీటర్లకు పెరిగింది.

ఆటగాళ్లు భగ్గుమన్నారు. ఆటను పాత రోజులకు తీసుకుపోతున్నారని నిరసించిన వారిలో అమెరికన్ విజేత టెడ్ లిగెటీ ముందు వరుసలో నిలిచారు. కాని కొత్త పలకలతో 2012 అక్టోబరులో ఆస్ట్రియాలోని సోల్డెన్‌లో జరిగిన మొదటి పందెంలో ఆయనే 2.75 సెకన్ల తేడాతో గెలిచారు. నూరోవంతులతో గెలుపోటములు తేలే ఆటలో అది ఏనుగంత తేడా. పరికరం మొండికేసినకొద్దీ నేర్పరి నేర్పు బయటపడిందన్నమాట. 2017–18 సీజనుకు ఆ కొలతను 30 మీటర్లకు తగ్గించి, ఉభయులకూ అంగీకారమైన మధ్యేమార్గం పట్టారు.

అయినా మంచు తన వెల వసూలు చేస్తూనే ఉన్నది. 2013 ఫిబ్రవరిలో ష్లాడ్‌మింగ్ ప్రపంచ పోటీలలో అమెరికా మేటి క్రీడాకారిణి లిండ్సీ వాన్ పడిపోయినప్పుడు ఆమె మోకాటి బంధనాలు తెగాయి, ఎముక చిట్లింది. మరుసటి సంవత్సరం సోచీలో జరిగిన ఒలింపిక్ క్రీడలకు ఆమె దూరమయ్యారు. అదే ష్లాడ్‌మింగ్‌లో లిగెటీ మూడు స్వర్ణపతకాలు గెలుచుకోవడం ఆ ఆట రెండు ముఖాలనూ ఒకే వేదిక మీద చూపించింది.

కావలివాడు చూడని ద్వారం

పొట్టి పలకల కాలంలో సామాన్య క్రీడాకారులలో ఏ.సి.ఎల్. గాయాలు కొంత తగ్గుముఖం పట్టాయి. కాని అవి మాయం కాలేదు. స్త్రీలలో ఈ గాయం పురుషులకన్న రెండింతలకు పైగా కనిపిస్తున్నది. మోకాలు దెబ్బతిన్న చాలా సందర్భాలలో బైండింగు ఊడలేదని ఆస్ట్రియా పరిశోధకులు గమనించారు. మోకాలి భాషను అర్థం చేసుకోగల బైండింగు కోసం అన్వేషణ సాగుతూనే ఉన్నది.

ఈ పరిశోధన మంచు దేశాలకే పరిమితమైనది కాదు. గుల్మార్గ్, ఔలీ వాలుల మీద మన యువతీ యువకులు కూడా స్కీలు తొడుగుతున్నారు. మంచు ముఖమే ఎరుగని కబడ్డీ బరిలో, ఫుట్‌బాల్ మైదానంలో కూడా మలుపు తిరుగుతూ, ఎగిరి దిగుతూ ఇదే బంధనాన్ని తెంచుకునే ఆటగాళ్లు ఎందరో ఉన్నారు. ఎలా దిగాలో, ఎలా మలుపు తిరగాలో నేర్పే వ్యాయామ పద్ధతులు ఫుట్‌బాల్ వంటి ఆటలలో మోకాలి గాయాలను తగ్గించగలవని అనేక అధ్యయనాలు నిరూపించాయి.

మనిషి తన బలహీనతకు కవచం తొడిగిన ప్రతిసారీ, దెబ్బ కవచం లేనిచోటు వెదుక్కుంటుంది. దానిని ముందుగా పసిగట్టాలంటే విజయం సాధించిన తర్వాత కూడా లెక్కపెట్టడం మానకూడదు. వెర్మాంట్ పరిశోధకులు ఎముకలు విరగడం తగ్గిందని సంబరపడి పుస్తకం మూసివేసి ఉంటే, రెండో గీత ఎవరి కంటా పడేది కాదు.

స్కీయింగ్ బడిలో మొదటి పాఠం ఎన్నడూ నిలబడటమే. ఆ కొండ దిగువ నుండి వచ్చిన పాఠం దానికి మరొక మాటను జోడించింది: పడవలసి వచ్చినప్పుడు మొండికేయక పడు, ఆగిన తర్వాతనే లే.